ఆగండిగారి తోడల్లుడు

ఆఫీసులో ఆయన్ని అందరూ ఆగండిగారు అనేవారు. ఆయన ఉద్యోగమే అది. సరిహద్దు మీద ఎగిరే డ్రోన్ పంపే దృశ్యాన్ని తెర మీద చూస్తూ కూర్చోవాలి. కాల్చేవాడు మీట మీద వేలు పెట్టినప్పుడు అనుమానం కలిగితే "ఆగండి" అనాలి. ఆయనకి అనుమానాలు ఎక్కువ. పక్క కుర్చీలవాళ్ళు పళ్ళు నూరుకునేవారు. అయినా ఆయన ఆగమనడం వల్ల ప్రాణాలతో ఇంటికెళ్ళిన మనుషులు ఉన్నారు. ఆ సంగతి వాళ్ళకి తెలియదు, అంతే.

ఆయన తోడల్లుడు అదే సంస్థలో పై అంతస్తు ఇంజనీరు. అతను తయారుచేసిన యంత్రానికి ఆగండిగారితో పని లేదు. అదే వెతుక్కుంటుంది, అదే తేల్చుకుంటుంది, అదే కాలుస్తుంది.

నిజానికి ఆగండిగారి కుళ్ళు యంత్రం పుట్టకముందే పుట్టింది. ఒకప్పుడు అత్తవారింట్లో పెద్దల్లుడి మాటకి తిరుగుండేది కాదు. చిన్నల్లుడు అడుగుపెట్టాక, టీవీ రిమోట్ మొరాయించినా మామగారు "చిన్నల్లుడు రానీ" అని పక్కన పెట్టేస్తున్నారు. ఇంకా ఒళ్ళు మండే విషయమేమిటంటే, అతను మంచివాడు. "అన్నయ్యా, అన్నయ్యా" అంటూ ఈయన వెనకే తిరుగుతాడు. తిట్టుకోవడానికి ఒక్క అవలక్షణమైనా లేని మనిషిని చూసి ఏడవడం ఎంత కష్టమో ఆగండిగారిని అడగాలి.

యంత్రానికి చివరి పరీక్ష దగ్గరపడింది. ఆదివారం అత్తవారింట్లో భోజనాల దగ్గర అదే మాట.

"అది మనిషిని చూడదు మామయ్యగారూ, ఆకారాన్ని చూస్తుంది. పక్కన ఒక మనిషి ఉండాలి," అన్నారు ఆగండిగారు.

"నీ ఉద్యోగానికి ఎసరు పెడుతుందని నీ బాధ అల్లుడూ," అని మామగారు పకపకా నవ్వారు. అందరూ నవ్వారు, చిన్నల్లుడు తప్ప.

ఇంటికొచ్చాక భార్య మెల్లగా అంది. "మీరు నిజం చెప్పినా కుళ్ళుకున్నట్టే వినబడుతోందండీ. పరీక్ష రోజు కాస్త నోరు కట్టేసుకోండి."

సంస్థ వెనక ఖాళీ స్థలంలో, తూటాలు లేకుండా పరీక్ష పెట్టారు. తుపాకీ పట్టుకున్న అట్టబొమ్మలన్నిటినీ యంత్రం పట్టేసింది, గొడుగు పట్టుకున్నవాటిని వదిలేసింది. చప్పట్లు మోగాయి. అందరూ చిన్నల్లుడి చుట్టూ మూగారు. ఆగండిగారు మాత్రం అలవాటు చొప్పున తెర ముందునుంచి కదల్లేదు. పనైపోయిందనుకుని స్వీపరు పొడుగు కర్ర చీపురు భుజాన వేసుకుని అటుగా నడుస్తున్నాడు. తెర మీద అతని చుట్టూ ఎర్ర గీత పడింది. కాల్చేశాననడానికి అది గుర్తు. స్వీపరు మూల తిరిగాడు, గీత చెరిగిపోయింది.

ఆగండిగారికి మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఎవరికైనా అభ్యంతరాలున్నాయా?" అంటూ డైరెక్టరు ఆయన వైపే చూశారు. ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఏమైనా ఉంటే చెప్పండన్నయ్యా," అన్నాడు చిన్నల్లుడు. మాటవరసకి కాదు, నిజంగానే అడిగాడు.

"ఏం లేదు. బాగుంది," అన్నారు ఆగండిగారు.

భార్య మాట నిలబెట్టానని తనకి తాను సర్దిచెప్పుకున్నారు. శుద్ధ అబద్ధం. లోపల తిరుగుతున్న మాట వేరు. వెళ్ళనీ, అందరి ముందూ బోల్తా పడనీ, అప్పుడు చూడాలి మామగారి మొహం. తూటాలు నింపుకున్న యంత్రం బోల్తా పడడమంటే ఏమిటో ఆయనకి తెలియకపోలేదు. ఆ క్షణాన దాన్ని తలుచుకోదలుచుకోలేదు.

యంత్రం సరిహద్దుకి వెళ్ళింది. ఆగండిగారిని స్టోర్సుకి మార్చారు. వానలు మొదలవబోతుండగా కబురొచ్చింది. ఇంటి కప్పుకి వాసం మోసుకెళ్తున్న ఇద్దరు అన్నదమ్ముల్ని యంత్రం కాల్చేసింది.

వినగానే ఆగండిగారికి మొదట కలిగింది సంతోషం. గుటక వేసేంత సేపే, కానీ అచ్చమైన సంతోషం.  తర్వాత చేతిలోని టీ కప్పు కింద పెట్టి, గోడకి ఆనుకుని నిలబడిపోయారు.

సాయంత్రం చిన్నల్లుడు స్టోర్సుకి వచ్చాడు. ఓ చెక్కపెట్టె మీద కూలబడ్డాడు.

"ఎవరు కాల్చారని అడుగుతున్నారన్నయ్యా. ఎవరి పేరు చెప్పను? పైవాళ్ళు మేం ఆర్డరివ్వలేదంటున్నారు. ఆ వేళకి నేను మా పాపకి జడ వేస్తున్నాను. యంత్రాన్ని అడిగితేనేమో సరిగ్గానే కాల్చానంటోంది."

ఆగండిగారు ఇంకో పెట్టె లాక్కుని ఎదురుగా కూర్చున్నారు.

"ఒక్కటే ధైర్యం. పరీక్ష రోజు మీరు అక్కడే ఉన్నారు. మీ కంటికే కనబడని తప్పు ఇంకెవరికి కనబడుతుంది?"

అత్తింటి మనుషుల నోట ఇలాంటి మాట వినడానికి ఆయన ఏళ్ళ తరబడి మొహం వాచిపోయి ఉన్నారు. ఇప్పుడు తలూపితే చాలు.

"కనబడింది," అన్నారు. స్వీపరు సంగతి, చీపురు సంగతి, ఎర్ర గీత సంగతి చెప్పారు.

చిన్నల్లుడికి కోపం కూడా రాలేదు. అర్థం కానట్టు చూశాడు. "మరి అడిగినప్పుడు చెప్పలేదేం అన్నయ్యా?"

"చెబితే నువ్వు సరిచేసేవాడివి," అన్నారు ఆగండిగారు.