రుద్దని మొన

హయాషి మీటింది. మళ్లీ మీటింది. రెండుసార్లూ లావు తీగ టప్‌మని చచ్చిపోయింది.

"మీ స్క్రూ వేశాకే ఇలా అయింది," అందామె ఇంగ్లిషులో, పొడిగా.

సౌదీలో తాయిఫ్ కొండ మీది హోటల్లో వేదిక వెనక గది అది. బయట కుర్చీలు నిండిపోతున్నాయి. ఆమె ఒడిలో ఉన్నది షామిసెన్, మూడు తీగల జపాన్ వాయిద్యం. దాని మెడ వెనక నుంచి ఒక ఇత్తడి స్క్రూ బిగిస్తారు. దాని మొన లావు తీగకు అంటీ అంటనట్టు తగిలితే, దారప్పోగు సర్దిన తంబూరలా నాదం గుయ్యిమంటూ సాగుతుంది. ఆ స్క్రూలు చేసేది బాపిరాజు, జెద్దాలో, షరఫియా సందులోని వర్క్‌షాపులో. హయాషి గురువు క్యోటోలో వాయిద్యాలు చేస్తాడు. వాటన్నిటికీ ఇకమీదట బాపిరాజు స్క్రూలే వాడాలా, అతని పేరే కొట్టెయ్యాలా అన్నది ఈ సాయంత్రం ఆమె చెప్పే మాట మీద ఉంది.

"నే చెప్పలేదా బావా?" చెవిలో గొణిగాడు మనోహర్. బాపిరాజు భార్య కామేశ్వరికి తమ్ముడు. అమ్మకాలు, పార్సిళ్లు అతనే చూస్తాడు; లేత్ పని బాపిరాజుతో పాటు రియాజ్ చేస్తాడు. "మంచి సరుకు రియాజ్ బయట అమ్ముకుంటున్నాడు. నువ్వేమో తమ్ముడూ తమ్ముడూ అని నెత్తికెక్కించుకున్నావ్."

తీగ పలకడం లేదని పొద్దున హయాషి ఫోన్ చేసిన దగ్గర్నుంచీ అతనిది ఇదే పాట. కారు నడుపుతున్న రియాజ్ వింటాడన్న జంకైనా లేకుండా కొండ ఎక్కినంతసేపూ పాడాడు. హోటల్ ముందు దిగగానే బాపిరాజు చెయ్యి చాచాడు. "షాపు తాళాలు ఇటివ్వు."

కడప నుంచి వచ్చి ఇన్నేళ్లుగా తనతో ఒకే లేత్ పంచుకున్న మనిషి, తాళాలు తీసి అరచేతిలో పెట్టాడు.

"నువ్వే అట్ల అనుకుంటివా అన్నా? సరేలే," అన్నాడు. అంతే.

ఇప్పుడు బాపిరాజు ఆ స్క్రూ ఊడదీసి దీపం కింద పెట్టాడు. మొన చదునుగా ఉంది. అంచు వేలికి గీసుకుంది.

బాపిరాజు మళ్లీ ఆ అంచు మీద వేలు పెట్టి చూశాడు.

వాళ్ల షాపులో పని ఒక వరసలో సాగుతుంది. అజాన్ వినిపిస్తే రియాజ్ వజూకి చేతులూ ముఖమూ కాళ్లూ కడుక్కుని, షటర్ దించి మసీదుకు వెళతాడు. అప్పటిదాకా లేత్ మీద తీసిన స్క్రూలు ట్రేలో పడుంటాయి. నమాజు నుంచి వచ్చినవాడి చేతులకు నూనె జిడ్డు ఉండదు గనక, అప్పుడు పలకరాయి ముందు కూర్చుని ఒక్కో మొననీ గుండ్రంగా రుద్దుతాడు. ఎవరూ పెట్టిన నియమం కాదు. అలవాటు. దొంగ సరుకే చేసినా రియాజ్ మొన రుద్దకుండా వదలడు, వాడి బొటనవేలు ఊరుకోదు.

మరి రుద్దని స్క్రూనే అసలైనదనుకుని, దాన్ని చూసి బయట నకళ్లు చేయించేది ఎవరు? షటర్ దించి ఉన్నప్పుడే, గిరాకీ గొడవ లేకుండా ఏసీ కింద ఫోన్ మాట్లాడుకోవడానికి వెనక తలుపున వచ్చి, షటర్ లేచేలోపు వెళ్లిపోయేవాడు.

"మనూ," అన్నాడు బాపిరాజు నెమ్మదిగా. "రుద్దినదాన్నీ, రుద్దనిదాన్నీ పక్కపక్కన పెడితే పోల్చగలవా?"

"రుద్దడమేంటి బావా? లేత్ మీంచి దిగితే అయిపోయినట్టేగా! ట్రేలోదే కదా నేను నమూనాకి..."

మనోహర్ నాలుక కరుచుకున్నాడు.

బాపిరాజు తలుపు తీసి రియాజ్‌ను పిలిచాడు. రియాజ్ స్క్రూ చూసి, "దీన్ని నేను ముట్టుకోలేదన్నా," అని, టీ కప్పు బోర్లించి, అడుగున మెరుపు పూయని గరుకు అంచు మీద మొన రుద్దసాగాడు. బాపిరాజు ముఖం వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

హయాషి బిగించి మీటింది. తీగ గుయ్యిమంది. గదంతా ఆ నాదమే. తమ షాపులో మొన రుద్దకుండా ఏ స్క్రూ బయటికి పోదని బాపిరాజు ఆమెకు ఇంగ్లిషులో చెప్పాడు.

"అయితే ఇవి మీవి కావు," అందామె. "మీ పేరుతో నాకు అంటగట్టిందెవరు? మా గురువుగారికి ఒక పేరు చెప్పాలి నేను. లేదంటే మీ పేరే చెబుతాను."

మనోహర్ బాపిరాజు మోచెయ్యి పట్టుకున్నాడు. "బావా, సొంతంగా ఏదో మొదలెడదామని ఆశపడ్డాను. అక్క మొహం చూడు. రియాజ్ అని చెప్పెయ్. వీసా మీద ఎగ్జిట్ కొట్టించి ఊరికి పంపేద్దాం, వాడికేం పోయింది?"

రియాజ్ విన్నాడు. కప్పు మెల్లగా బల్ల మీద పెట్టాడు.

బాపిరాజు పెళ్లిలో అతని కాళ్లు కడగడానికి చెంబుతో నీళ్లు పోసిన పిల్లాడు మనోహర్. వీసా తీయించింది తను, అన్నం పెట్టింది తను. బాపిరాజు మోచెయ్యి విడిపించుకున్నాడు. జేబులోంచి తాళాలు తీసి రియాజ్ అరచేతిలో పెట్టాడు. రియాజ్ గుప్పిట మూయలేదు.

బాపిరాజు హయాషి వైపు తిరిగి, గదిలో అందరికీ వినబడేలా చెప్పాడు.

"మనోహర్. నా భార్య తమ్ముడు, మనోహర్."