కోపముంటే ఉడకవు

"కోపం తెచ్చుకోకే అమ్మాయ్, తమాలీలు ఉడకవు."

మా అత్తగారు ఎర్మీనియా నాకు నేర్పిన మొదటి వంటపాఠం ఇదే. మొక్కజొన్న పిండిలో పందికొవ్వు వేసి తేలికపడేదాకా చేత్తో కొట్టడం, చిన్న ఉండ నీళ్ల గ్లాసులో వేసి తేలుతోందా అని చూడటం, మధ్యలో కోడికూర పెట్టి పొత్తుల మీంచి ఒలిచిన డొప్పల్లో చుట్టి ఆవిరి కుండలో నిలబెట్టడం, అవన్నీ తర్వాత. ముందు కోపం మానేయాలి. పొయ్యి దగ్గర ఏ ఒక్కరికి కోపమున్నా కుండంతా పచ్చిపిండిగానే ఉండిపోతుందని మా చోలూలా ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. అందుకని పెళ్లయినప్పటి నుంచీ నేను శాంతమూర్తిని. నా తమాలీలు ఏ ఏడూ పాడవలేదు. పచ్చిగా ఉండిపోయింది నేనే.

దీనికంతటికీ మూలం వేలెడంత ప్లాస్టిక్ బొమ్మ. జనవరిలో ముగ్గురు రాజుల పండుగనాడు కోసే తీపి రొట్టెలో బాలయేసు బొమ్మ దాస్తారు. ఎవరి ముక్కలో బిడ్డ దొరికితే వాళ్లు ఆయనకు జ్ఞానతండ్రి. వాళ్లే ఫిబ్రవరిలో కొవ్వొత్తుల పండుగకు ఇంట్లో ఉన్న బాలయేసు స్వరూపానికి కొత్త బట్టలు తొడిగి, చర్చికి మోసుకెళ్లి దీవెన తేవాలి, వచ్చినవాళ్లందరికీ తమాలీలు పెట్టాలి. ఆ ఖర్చూ చాకిరీ తలుచుకుని కొందరు బొమ్మ పంటికి తగిలితే బుగ్గన దాచేసుకుంటారు. మా ఆయన ఫిదెన్సియో మాత్రం గెలిచిన కప్పులాగా పైకెత్తి చూపిస్తాడు. ముక్కలను కత్తితో పొడిచి చూసుకుని మరీ తీసుకుంటాడని నా అనుమానం. "అందరూ మా ఇంటికే!" అని మినీబస్సు నడిపే గొంతుతో అరుస్తాడు. "నీది ఎంత పెద్ద మనసయ్యా!" అని స్నేహితులు ఆయన భుజం తడతారు. పిండి కొట్టీ కొట్టీ పడిపోయేది నా భుజం.

బాలయేసు బట్టలు కూడా నేనే కుడతాను. బడిపిల్లల యూనిఫాంలు కుట్టే దుకాణంలో పనిచేస్తాను. మిగిలిన తెల్లగుడ్డ ముక్క అడిగితే మా యజమాని, "ఇంటికెళ్లి కుట్టే ఓపిక ఉందన్నమాట, ఇంకో గంట ఇక్కడే కూర్చోరాదూ?" అన్నాడు. కూర్చున్నాను. అయినా ఆ బుల్లి చొక్కాకు గుండీలు కుడుతుంటే నాకెంత హాయిగా ఉంటుందో చెప్పలేను. నా అసలు ప్రార్థన అదే. కానీ ఆ బట్టలు తొడుక్కుని ఆయన దీవెన అందుకోవడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. చర్చి గంటలు మోగే వేళకు కుండ పొయ్యి మీద ఉంటుంది, నేను కుండ దగ్గర ఉంటాను. ఒక్క ఏడాది ఆ బిడ్డను నా చేతులతో మోసుకెళితే చాలనిపించేది. అసలు ఈ పండుగ దేనికి? మరియమ్మ తన బిడ్డను దేవాలయానికి తీసుకెళ్లిన రోజు. ఆమెను పొయ్యి దగ్గర వదిలేసి యోసేపు ఒక్కడే వెళ్లాడని ఏ సువార్తలోనూ లేదు.

ఈ ఏడు కూడా అంతే. కుండ ఎక్కించాను. నీళ్లు ఇంకిపోతే తెలియాలని అడుగున వేసిన నాణెం గలగలమంటోంది. ఫిదెన్సియో తల నున్నగా దువ్వుకుని, పూలబుట్టలో బాలయేసును పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. వంగి చూసి, "రెఫుహియో, కాలర్ కాస్త వంకరగా వచ్చినట్టుందే. పోన్లే, దూరానికి కనపడదు," అన్నాడు.

అత్తగారు ఒక తమాలీ తీసి డొప్ప విప్పారు. పిండి డొప్పకు అంటుకుపోయింది. ఎప్పుడో ఉడకాల్సినవి.

"ఎవరికే కోపం?" అన్నారు.

"నాకే అత్తయ్యా."

"ఎప్పటి నుంచి?"

"మీ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచి."

అనేశాక నాకే నవ్వొచ్చింది. అత్తగారు నవ్వలేదు. "అయితే ఆడు. కోపమున్నవాళ్లు కుండ ముందు ఆడితేనే విరుగుడు," అన్నారు.

ఆడాను. మొదట కాళ్లు కర్రల్లా ఉన్నాయి. నాణెం చప్పుడుకు అడుగు కుదిరింది. కుండ చుట్టూ తిరిగాను, గడప దాటాను, వాకిట్లో మా ఆయన చుట్టూ తిరిగాను. తిరుగుతూనే నా వంట ఏప్రన్ విప్పి ఆయన నడుముకు కట్టేసి, చేతుల్లోంచి బుట్ట అందుకున్నాను.

"ఏయ్, ఏంటిది? జ్ఞానతండ్రిని నేను!"

"అందుకేగా! బొమ్మ దొరికింది నీ ముక్కలో. తమాలీలు నువ్వు పెట్టు, బిడ్డను నేను మోస్తా."

"నాకేం తెలుసు వీటి సంగతి?"

"నాణెం చప్పుడు ఆగితే కుండలో వేణ్ణీళ్లు పొయ్యాలి. అంతే."

"అమ్మా, చూడవే దీని వేషాలు!"

అత్తగారు కుర్చీ లాక్కుని తీరిగ్గా కూర్చున్నారు. "కోపం తెచ్చుకోకు నాయనా," అన్నారు. "తమాలీలు ఉడకవు."

చర్చిలో ఊరంతా ఎవరి బాలయేసును వాళ్లెత్తుకుని నిలబడి ఉంది. నా కొవ్వొత్తి మైనం మణికట్టు మీద పడి చురుక్కుమంది. ఫాదర్ చల్లిన తీర్థం కాలర్ మీదా నా ముఖం మీదా కలిసే పడింది. వంకర ఏమీ లేదు, దగ్గర్నుంచి చూశాను. సంతోషంతో ఏడ్చేశాను. ప్రభువుకు నా చేతులు ఎప్పటి నుంచో తెలుసు, ఆ రోజు నా ముఖం కూడా చూపించాను.

తిరిగొచ్చేసరికి మా ఆయన నా ఏప్రన్ కట్టుకుని కుండ ముందు గంతులేస్తున్నాడు. వేళ్లు కాల్చుకుని కోపం తెచ్చుకున్నాడట. అత్తగారు చప్పట్లు కొడుతూ ఆడిస్తున్నారు. నన్ను చూడగానే ఆయన ఒక తమాలీ పైకెత్తాడు, అదే కప్పు గెలిచిన ముఖంతో. "ఉడికాయే!" అని అరిచాడు. నిజంగానే బాగా ఉడికాయి. కాలిన వేళ్లు ఊదుకుంటూ నాలుగు తిన్నాడు. ఆయన మీద జాలేసింది, ముద్దూ వచ్చింది.

అత్తగారు బుట్టలోకి వంగి, తడిసిన కాలర్‌ను వేలితో తాకి చూశారు.

"నిజంగానే నీళ్లు చల్లుతారన్నమాట," అన్నారు.

"అదేంటి అత్తయ్యా, మీరెప్పుడూ చూడలేదా?"

"నేను వెళితే కుండ ఎవరు చూస్తారే?" అన్నారు ఆవిడ. తర్వాత కొడుకు వైపు ఒకసారి చూసి, నా చెవి దగ్గరకు వంగి గొంతు తగ్గించారు. "వచ్చే ఏడు రొట్టె నేనే కోస్తాను. బొమ్మ వాడి ముక్కలోనే రావాలి."