ఇంజన్ నీళ్లు విన్నది

పొద్దున్నే టాక్సీ తాళం తిప్పేది అత్తే. డ్రైవరు అల్లుడు కాఫీ తాగి చెప్పులేసుకునేలోపే ఆవిడ వెళ్లి సీట్లో కూర్చుని, "లే నాయనా, తెల్లారింది" అని తాళం తిప్పేది. బండి ఆవిడ చేతికే లేస్తుందని ఇంటిల్లిపాదికీ నమ్మకం. మంచి బేరాలు తగిలితే ఆ ఘనత ఆవిడదే. తగలకపోతే ఆవిడ తుమ్మిందనేవాళ్లు.

రాత్రంతా వాన కురిసి వీధి నడుములోతు మునిగిన మర్నాడు కూడా ఆవిడ చెయ్యి ఊరుకోలేదు. నీళ్లు తగ్గాక బురద తొక్కుకుంటూ వెళ్లి తాళం తిప్పింది. బండి లేవలేదు.

బండిని షెడ్డుకు లాక్కెళ్లారు. మెకానిక్ బానెట్ ఎత్తి, గాలి గొట్టంలోంచి కారుతున్న నీళ్లను చూసి మొహం చిట్లించాడు.

"ఎవరైనా స్టార్ట్ చేశారా? లోపల నీళ్లుండగా ఇంజన్ తిరిగితే కడ్డీలు వంగిపోతాయి. వరదకి మునిగిందంటే ఇన్సూరెన్స్ వాళ్లిస్తారు. మీరు తిప్పి చెడగొట్టారంటే పైసా రాలదు."

అల్లుడు అత్త వైపు చూడలేదు. ఆ తర్వాత ఆవిడతో ఒక్క మాటా మాట్లాడలేదు. బండి లేకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. ఆవిడకి అన్నం సయించలేదు. పెద్దకొడుక్కి ఫోన్ చేసి, "వచ్చి నన్ను తీసుకుపోరా. కూతురి కాపురంలో నిప్పులు పోసింది చాలు" అంది.

ఇన్సూరెన్స్ సర్వేయరు వచ్చే రోజున ముగ్గురూ షెడ్డుకెళ్లారు. కూతురు మెకానిక్‌ని పక్కకి పిలిచింది.

"అన్నా, ఆయన రాకముందే ఇంజన్లోని నీళ్లు పారబొయ్యరాదూ?"

నీళ్లు విన్నది దాచుకోవు కదా, చెవి పెట్టినవాళ్లకల్లా చెప్పేస్తాయి. బట్టలు పిండిన నీళ్లని ఎదురింటావిడ వచ్చేలోపే పారబోయడం ఆ వీధిలో ఆడవాళ్లందరికీ అలవాటు.

"ఆయన చూడకుండా నట్టు ముట్టుకున్నా క్లెయిమ్ ఎగిరిపోతుందమ్మా" అన్నాడు మెకానిక్.

సర్వేయరు జలుబుతో ముక్కు చీదుకుంటూ వచ్చాడు. ఆయన నోరు తెరవకముందే అత్త ముందుకొచ్చింది.

"తాళం తిప్పింది నేనే. వీళ్ల తప్పేం లేదు."

"అమ్మా!" అని కూతురు ఆవిడ చెయ్యి గిల్లింది.

"గిల్లకే! చేసిందాన్ని చెప్పొద్దా?"

"ఉండండి పెద్దమ్మా" అన్నాడు సర్వేయరు. "నీళ్లనీ అడగనివ్వండి."

మెకానిక్ ప్లగ్గులు ఊడదీసి, సన్నటి గొట్టంతో లోపలి నీళ్లు లాగి, తన టీ గ్లాసులో పోశాడు. సర్వేయరు గ్లాసు చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. షెడ్డులో సుత్తి చప్పుళ్లు ఆగిపోయాయి.

"'లే నాయనా' అన్నది మీరేనా?"

"నేనే."

"తర్వాత టక్కుమంది. అంతే. ఇంజన్ తిరిగిన చప్పుడు లేదు. మీరు వెళ్లేసరికే బ్యాటరీ చచ్చింది పెద్దమ్మా."

మెకానిక్ పానా వేసి ఇంజన్‌ని చేత్తో మెల్లగా తిప్పాడు. ఎక్కడా పట్టెయ్యకుండా తిరిగింది.

"కడ్డీలు నిక్షేపంగా ఉన్నాయి. కడిగి, ఆయిలు మార్చి, బ్యాటరీ వేస్తే చాలు."

సర్వేయరు వరద నష్టమని రాసేశాడు. అల్లుడు టైరు మీద కూలబడ్డాడు.

అయినా సర్వేయరు గ్లాసు దించలేదు. ఇంకాసేపు విని, ఇబ్బందిగా దగ్గి, దాన్ని అత్తకి అందించాడు.

"ఇంకా ఏదో ఉంది. ఇది కంపెనీకి సంబంధించింది కాదు."

ఆవిడ గ్లాసు చెవికి ఆనించుకుంది. లోపల అల్లుడి గొంతు. మొన్న షెడ్డులో బండి పక్కన నిలబడి ఫోన్లో ఆవిడ కొడుకుతో మాట్లాడిన మాటలు.

"నువ్వు రావద్దు బావా. ఆవిణ్ణి తీసుకెళ్తానంటే ఊరుకోను. బండి పోతే అద్దె బండి తోలుకుంటా. పొద్దున్నే ఆవిడ గొంతు వినకుండా నేను గడప దాటలేను."

అత్త గ్లాసు పక్కకి జరిపి అల్లుడి వైపు చూసింది.

"ఈ ముక్క నాతో అనడానికి నీకేమొచ్చిందయ్యా?"

"నోరు తెరిస్తే ఏడుపొచ్చేట్టుంది అత్తయ్యా" అన్నాడు తల దించుకుని.

"మొద్దు!" అని కూతురి వైపు తిరిగింది. "మీ అన్నకి ఫోన్ కొట్టవే. బయల్దేరుతున్నాడేమో, రావద్దని చెప్పు."

మెకానిక్ చెయ్యి చాచాడు. "పెద్దమ్మా, నా గ్లాసు..."

"ఉండవయ్యా" అంది ఆవిడ, దాన్ని మళ్లీ చెవికి ఆనించుకుంటూ. "ఇంకోసారి విననీ."