బొమ్మ మీట

పైడిరాజు ఎర్ర మీటను మూడుసార్లు నొక్కాడు. మూడోసారి పిడికిలితో గుద్దాడు. బండి ఆగలేదు.

పరదేశంలో, తువాస్ అనే ఫ్యాక్టరీల పేటలోని ఆ షెడ్డులో, మంగళవారం పట్టపగలు, నలభై మంది కళ్లముందు జరిగిందిది. ఏడో నంబరు సరుకుబండి వెనక్కి జరుగుతూ జరుగుతూ వెల్డర్ రాజారావు కాలిని నౌక గోడకు అదిమేసింది. క్రేన్ నడిపే పెద్దయ్య కిందికి దిగి పరుగున వచ్చి బ్యాటరీ తీగ ఊడబెరికాక గానీ అది నిలవలేదు. అప్పటికి మోకాలి కింద ఎముక నుజ్జయింది.

నౌక అంటే నీళ్లమీద పోయేది కాదు. మూడొందల ఏళ్ల తర్వాత మనుషులు చుక్కల దాకా ఎగిరిపోతారట. అలా పోయే ఆకాశనౌక కడుపులో ఏయే బండ్లు తిరుగుతాయో, ఏయే పనిముట్లు ఉంటాయో జనానికి టికెట్టు పెట్టి చూపించే ప్రదర్శన. దానికోసం పదకొండు బండ్లు తయారవుతున్నాయి. డ్రాయింగులో రాసిన పేర్లు నోరు తిరగక పనివాళ్లు సొంత పేర్లు పెట్టుకున్నారు. సరుకు లాగేది పీత. పొడుగు చేతులతో గోడలు బాగుచేసేది మిడత. రోగుల్ని మోసేది తాబేలు. ప్రతి బండికీ ప్రాణవాయువు సీసాలు, పొగ ముసుగులు, ప్రమాదంలో నొక్కే ఎర్ర మీట. ఇంకా పుట్టని మనుషుల క్షేమం గురించి అంత ఆలోచించిన కంపెనీకి రాజారావు కాలు గురించి ఆలోచించే తీరిక దొరకలేదు.

మీట ఎందుకు పనిచేయలేదో పైడిరాజుకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలీదు. దాన్ని బిగించిన ఎలక్ట్రీషియన్ అతనే. అది కొయ్యముక్క. పైన ఎర్ర రంగు, వెనక తీగే లేదు. అసలు మీటలు రాకముందే ట్రయల్ తేదీ వచ్చిపడింది.

"ఇప్పటికి బొమ్మ పెట్టెయ్ అన్నా, అసలుది తర్వాత మారుద్దాం" అన్నాడు డిజైన్ ఇంజనీరు వరుణ్.

"మనుసులు పక్కనే తిరుగుతారు బాబూ."

"రెండ్రోజులే కదా."

బొమ్మ అని తెలిసి కూడా, రాజారావు అరవగానే పైడిరాజు చెయ్యి దానిమీదికే పోయింది.

వరుణ్ మనవాడు. గుంటూరు వాడు, బుకిట్ బటోక్‌లో ఫ్లాటు. ఉగాదికి షెడ్డులోని పదమూడు మంది తెలుగువాళ్లనీ ఇంటికి పిలిచి, నడుం వంచి తనే పులిహోర వడ్డించాడు. "సార్ అనొద్దు, తమ్ముడనండి" అన్నాడు. పదేళ్లుగా లారీ వెనక నిలబడి పనికిపోయే శ్రీకాకుళం మనిషిని ఫ్లాటులో కూర్చోబెట్టి ఒకడు తమ్ముడనమంటే ఏమవుతుంది? పైడిరాజు కరిగిపోయాడు. ఆ రోజునుంచీ వరుణ్ మాట అతనికి వేదం.

కాబట్టి ఆదివారం వరుణ్ లాప్‌టాప్ పట్టుకుని పనివాళ్లుండే డార్మిటరీ క్యాంటీనుకు వచ్చి, "జరిగింది జరిగినట్టు చెప్పండి, నేను ఇంగ్లీషులో రాసి పైకి పంపిస్తాను, రాజారావు గారికి న్యాయం జరగాలి" అన్నప్పుడు ఎవరూ అనుమానించలేదు. ఒక్కొక్కరూ తెలుగులో చెప్పారు. వరుణ్ తలూపుతూ టైపు చేశాడు. "పాపం" అన్నాడు. చివర్లో సంతకాలకని ఒక కాగితం తీశాడు.

పెద్దయ్య ఒక్కడే నసిగాడు. "ఏటి రాసినారో ఓపాలి సదివితే బాగుణ్ణు."

"మన వరుణ్ బాబే కదా మావా" అన్నాడు పైడిరాజు. మొదటి సంతకం తనే పెట్టాడు. వెనకాల పదకొండు పడ్డాయి.

అదీ వాళ్లు చేసిన తప్పు. భాష ఒకటైతే పక్షం కూడా ఒకటే అనుకున్నారు.

బుధవారం పైడిరాజు ఆసుపత్రికి పోయేసరికి మంచం పక్కన కీర్తిక కూర్చుని ఉంది. షెడ్డులో బండ్లకు రంగులేసే పిల్ల. ముత్తాత కాలంలో విశాఖ తీరం వదిలి వచ్చిన కుటుంబం, ఇల్లు ఇక్కడే హౌగాంగ్‌లో. ఆమె చేతిలో కంపెనీ పంపిన కాగితాలున్నాయి. రాజారావు పని పర్మిట్ రద్దు, శనివారం ఇంటికి విమానం. రెండో ఆపరేషన్ ఊసే లేదు.

"అంకుల్, నీవు కూడా విను" అంది కీర్తిక. ఒక్కో వరుసా తనకొచ్చిన తెలుగులోకి మార్చి చదివింది. బండి దగ్గరికి పోవద్దని తోటివాళ్లు హెచ్చరించినా రాజారావు వినలేదు. ఫోన్ చూసుకుంటూ పసుపు గీత దాటాడు. ఆపే మీట సవ్యంగా ఉంది. పరీక్షించినవాడు, పైడిరాజు. కింద పన్నెండు సంతకాలు.

రాజారావు తల తిప్పి చూశాడు. ఇద్దరిదీ ఒకే మండలం, ఒకే సంవత్సరం విమానం ఎక్కారు.

"మీట నువ్వు పరీచ్చ సేసినావా బావా?"

పైడిరాజుకు మోసపోయినందుకు మండుతోంది, కానీ అంతకన్నా ఎక్కువగా సిగ్గు. కాగితంలో అబద్ధం వరుణ్‌ది కావచ్చు, దాని కింద ఉన్న పేరు మాత్రం తనది.

గురువారం భోజనాల వేళ షెడ్డు వెనక వరుణ్‌ను పట్టుకున్నాడు.

"మేం సెప్పిందేటి, మీరు రాసిందేటి బాబూ?"

వరుణ్ అటూ ఇటూ చూశాడు. "అన్నా, నిజం రాస్తే డ్రాయింగ్ మీద సంతకం ఎవరిదని అడుగుతారు. నాది. ఇక్కడే స్థిరపడడానికి పెట్టుకున్న నా పీఆర్ అప్లికేషన్ పెండింగులో ఉంది. రాజారావు గారు ఎలాగూ పని చేయలేరు కదా. అందరం ఎందుకు మునగడం?"

"ఆడి కాలు..."

"నేనూ మీలాగే ఉద్యోగిని అన్నా. అర్థం చేసుకో."

అర్థమైంది. పదేళ్లలో ఇంత బాగా ఏదీ అర్థం కాలేదు. ఉగాది నాడు వడ్డించిన చెయ్యి, ఈ కాగితం రాసిన చెయ్యి ఒకటే. ఎప్పుడు ఏది చేయాలో దానికి తెలుసు.

ఆ సాయంత్రం లారీలు దిగగానే డార్మిటరీ వంటపొయ్యిల దగ్గర మీటింగు. తెలుగువాళ్లు, తమిళులు, బంగ్లాదేశ్ వెల్డర్లు అంతా ఉన్నారు. బియ్యం ఒకపక్క ఉడుకుతున్నాయి, మాటలు ఇంకోపక్క.

"సంతకం పెట్టేశాం, ఇంకేం చేస్తాం? మనల్ని కూడా పంపేస్తారు" అన్నాడొకడు.

"రేపు నీ కాలు నలిగితే తప్పు నీదేనని నేను సంతకం పెట్టనా?" అన్నాడు ఇంకొకడు.

తాలింపు వేస్తున్న పెద్దయ్య గరిటె పక్కన పెట్టాడు. "అన్ని బళ్లకీ బొమ్మ మీటలే ఉన్నాయి. శనారం జనానికి సూపించే హాల్‌కి ఎల్తాయి. అక్కడ పిల్లలొస్తారు. ఇది ఒక్క రాజారావు సంగతి కాదు."

కీర్తిక పుస్తకం తెరిచింది. "కొత్తగా రాద్దాం అంకుల్. నేను ఒక్కో లైన్ రాస్తా, తిరిగి చదువుతా. బంగ్లాదేశ్ వాళ్లకి బెంగాలీలో వాళ్లోళ్లు చెప్పాలి. తెలియకుండా ఎవరూ సైన్ చేయొద్దు."

పైడిరాజు లేచి నిలబడ్డాడు. "ముందు నాది రాయమ్మా. మీట నానే బిగించినాను. బొమ్మ అని తెలిసే బిగించినాను. ఎవరు బిగించమన్నారో కూడా రాయి."

కీర్తిక పెన్ను ఆగింది. "ఇది రాస్తే నీ పర్మిట్ పోతుంది అంకుల్."

"పోనీ. తెలీక ఒకటి పెట్టినాను. తెలిసి ఒకటి పెట్టనీ."

అన్నం మాడుతున్న వాసన వచ్చినా ఎవరూ కదల్లేదు. ఆ తర్వాత వరస కట్టారు. నలభై మంది, నలభై సంతకాలు, ప్రతి సంతకానికి ముందు ఒకసారి చదవడం.

శుక్రవారం ప్రదర్శన హాలు తరఫున తనిఖీ అధికారిణి వచ్చింది. మేనేజర్ ముందు నడిచాడు, ఫైలు పట్టుకుని వరుణ్ వెనకాల.

"అన్ని బండ్లలోనూ ఆపే ఏర్పాటు పరీక్షించాం" అన్నాడు వరుణ్ ఇంగ్లీషులో. కీర్తిక ఆ మాటను తెలుగు చేసి అందరికీ వినబడేలా చెప్పింది.

పైడిరాజు పీత రిమోటు చేతిలోకి తీసుకున్నాడు. "అయితే మీరొచ్చి ఆ గోడకానుకుని నిలబడండి వరుణ్ బాబూ. నాను బండి వెనక్కి తోల్తాను. మీటెలాగూ పని సేస్తాది కదా, నొక్కండి, ఆగిపోద్ది."

కీర్తిక దాన్ని ఇంగ్లీషులో అధికారిణికి అప్పజెప్పింది. అధికారిణి వరుణ్ వైపు చూసింది. నలభై మందీ చూశారు. వరుణ్ నవ్వబోయాడు, కుదర్లేదు. గోడ ఆరడుగుల దూరంలో ఉంది. ఒక్క అడుగు కూడా వేయలేదు.

"నాటకాలాపి బండ్లు లారీల్లోకి ఎక్కించండి" అన్నాడు మేనేజర్.

పెద్దయ్య క్రేన్ తాళంచెవి జేబులో వేసుకున్నాడు. వెల్డర్లు చేతులు కట్టుకున్నారు. ఎవరూ నినాదం ఇవ్వలేదు, ఎవరూ బండి ముట్టుకోలేదు. అధికారిణి తనే పీత దగ్గరికి వెళ్లి మీట పట్టుకుని లాగింది. కొయ్యముక్క ఆమె చేతిలోకి ఊడి వచ్చింది. అప్పుడు కీర్తిక నలభై సంతకాల కాగితాలు ఇచ్చింది.

పదకొండు బండ్లూ ఆగిపోయాయి. విచారణ తేలేదాకా రాజారావు ప్రయాణం కూడా ఆగింది. కంపెనీ ఊరుకుంటుందా? శనివారం ఉదయం పైడిరాజు పర్మిట్ రద్దు చేసి, అతని పెట్టెతో సహా విమానాశ్రయానికి పోయే వ్యానులో కూర్చోబెట్టింది. షెడ్డు గేటు దగ్గరే వ్యాను ఆపి, లోపల మేనేజర్ మిగతావాళ్లను ఒక్కొక్కరినే గదిలోకి పిలుస్తున్నాడు. కొత్త కాగితం తయారైంది. అందులో ఒకే ఒక్క మాట: ఎవరికీ చెప్పకుండా బొమ్మ మీట బిగించింది పైడిరాజే. సంతకం పెట్టినవాడి ఉద్యోగం భద్రం.

డ్రైవరు ఆ సంగతి చెప్పినప్పుడు పైడిరాజుకు కోపం రాలేదు. రాజారావు మీద తను పెట్టిన సంతకం వీళ్లు తనమీద పెడతారు. పెట్టినా అడిగే హక్కు తనకెక్కడిది? కిటికీలోంచి గది తలుపునే చూస్తూ కూర్చున్నాడు. ఒకడు లోపలికి పోయాడు, వచ్చాడు. ఇంకొకడు పోయాడు. ఎవరి ముఖం చూసినా ఏమీ తెలియడం లేదు. బయటికి వచ్చినవాళ్లు పనిలోకి పోకుండా గేటు వైపు నడిచి వస్తున్నారు.

ఆఖరున పెద్దయ్య వచ్చాడు. నేరుగా వ్యాను కిటికీ దగ్గరికి వచ్చి లోపలికి వంగాడు.

"ఏటి మావా, పెట్టేసినారా?" అన్నాడు పైడిరాజు.

"సదివి ఇనిపించమన్నాం. ఇనిపించినారు." పెద్దయ్య ఊపిరి పీల్చుకున్నాడు. "నలుగురు పెట్టినారు రా. దాచడం ఎందుకు? ఆళ్లకీ పిల్లలున్నారు. మిగిలినోళ్లం పెట్టలేదు."

పైడిరాజు మొహం చేతుల్లో దాచుకున్నాడు. డ్రైవరు ఇంజను వేశాడు. పెద్దయ్య కిటికీ వదిలి, ముందుకు నడిచి, వ్యాను ఎదురుగా రోడ్డుమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పక్కన ఒక బంగ్లాదేశ్ వెల్డరు కూర్చున్నాడు. రంగు చేతులతో కీర్తిక కూర్చుంది. ఒకరి తర్వాత ఒకరు ముప్పైఐదు మంది కూర్చున్నారు. కాసేపటికి సంతకం పెట్టిన నలుగురిలో ఒకడు తల దించుకుని వచ్చి, చివరి వరసలో చోటు చేయమని అడిగాడు.

జరిగి చోటిచ్చారు.