పేర్లు చెప్పి వచ్చినవాడు

జైమే ఫుర్తాదో న్యూ బెడ్‌ఫర్డ్ నుంచి వచ్చి మా తలుపు తట్టినప్పుడు నేను పరిశుద్ధాత్మ పండుగ పులుసుకి గొడ్డుమాంసం కడుగుతున్నాను. మా దీవిలో అమెరికా నుంచి వచ్చినవాణ్ని కాగితాలు అడగరు, ఎవరి మనవడివని అడుగుతారు. అతను గుమ్మంలోనే నిలబడి, చనిపోయిన మా ఆయన తాత పేరు, ముత్తాత పేరు, వాళ్లు తిమింగలాల వేటకు వెళ్లిన పడవ పేరు వరసగా చెప్పాడు. చివర్న నవ్వుతూ, "మీ అత్తగారు కల్లుప్పు మా అమ్మమ్మకి చెల్లెలే కదా?" అన్నాడు.

కల్లుప్పు అన్నది మా అత్త నోటిదురుసుకి వీధివాళ్లు పెట్టిన పేరు. ఆమె ఎదుట ఎవరూ అనేవారు కాదు. ఏ కాగితంలోనూ ఆ పేరు ఉండదు. ఇక నాకు సందేహమేముంటుంది? లోపలికి పిలిచి, పుదీనా వేసిన పులుసులో రొట్టె నానబెట్టి పెట్టాను.

ఆ వేసవంతా మా మేడగదిలోనే ఉన్నాడు. నన్ను అత్తా అని పిలిచేవాడు. నా తమ్ముడు హెర్మీనియో సూరచేపల వేటకి తన పడవ మీద అతన్ని తీసుకువెళ్లేవాడు. వల బాగుచేయడం చేతకాక జైమే వేళ్లు చీరుకుంటుంటే, అమెరికాలో చేపలు డబ్బాల్లోనే పుడతాయా అని ఏడిపించేవాడు.

ఆగస్టులో భోజనాల దగ్గర జైమే ఆ మాట ఎత్తాడు. ఒక తెరచాప పడవ వస్తుందనీ, దానిలోని మత్తుమందు మూటల్ని ఒడ్డుకు చేర్చితే చాలు, చేతినిండా డబ్బనీ అన్నాడు. మొదటిసారి తమ్ముడు నవ్వేశాడు. రెండోసారి తింటున్నవాడు లేచి వెళ్లిపోయాడు. మూడోసారికి అతని పడవ ఇంజను చెడి నెల దాటింది. కంచం పక్కకి జరిపి, "ఏ రోజు?" అన్నాడు. నేను గిన్నెలు తీసి కడగడానికి వెళ్లాను.

తమ్ముడు ఇంకొకరి పడవ అడిగి తీసుకెళ్లి, మూటలతో రేవుకి వచ్చేసరికి పోలీసులు నిలబడి ఉన్నారు. మనవాళ్లతో పాటు ఇద్దరు అమెరికావాళ్లు. తమ్ముడి చేతులకు బేడీలు వేశారు. జైమే ఆ ఇద్దరితో చేతులు కలిపి కారెక్కాడు. అతను వాళ్ల మనిషే.

ఆ పని కావాలని ముందుగా అడిగింది హెర్మీనియోయేనని కేసులో రాశారు. అదే నిలిస్తే పదేళ్లు. పోలీసు మనిషే ముందు ఆశ పెట్టాడని తేలితే మాత్రం మా చట్టం ప్రకారం కేసు చెల్లదని వకీలమ్మ చెప్పింది. ఆ బల్ల దగ్గర ఉన్న మూడో మనిషిని నేనొక్కదాన్నే. ఆమె కాగితాలు నా చేతికిచ్చింది. రెండు చలికాలాలుగా చర్చి బడిలో చదువు నేర్చుకుంటున్నాను. ఆ సంగతి పోలీసులకు తెలియదు.

వేలు పెట్టి చదివాను. జైమే రాకముందే ఇక్కడి పోలీసులు సముద్రం అవతలికి పంపిన పుట అది. మా వంశం పేర్లు, పడవ పేరు, కల్లుప్పు, అన్నీ ఉన్నాయి. వాటి కింద: "ఇంటావిడ విధవరాలు. చదువు రాదు. తమవాళ్లని చెబితే నమ్ముతుంది." అడుగున వాల్దెమార్ సంతకం. జ్ఞానస్నానం రోజు నేను ఎత్తుకున్న బిడ్డ, మా వంటింట్లో పెరిగినవాడు, ఇప్పుడు పోలీసు.

విచారణ ముందు ఆదివారం అతనే వచ్చాడు. పెద్ద ముఠాను పట్టుకోవడానికని అక్కడివాళ్లు పేర్లడిగారట, హెర్మీనియో మామని లాగుతారనుకోలేదట.

"నాకు చదువు రాదని కూడా వాళ్లే రాయమన్నారా?" అన్నాను.

అతను టోపీ అంచు నలిపాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "ముందెవరన్నారో గుర్తులేదను పెద్దమ్మా, చాలు. ఈ వయసులో నిన్నెవరూ తప్పుపట్టరు. లేకపోతే అటువాళ్లూ ఇటువాళ్లూ కలిసి అంతా నా నెత్తినే రుద్దుతారు."

అలవాటుకొద్దీ అతనికి పెట్టిన కంచం వెనక్కి తీసేశాను.

మర్నాడు కోర్టులో మూడు రోజుల సంగతీ చెప్పాను. ఏ రోజు ఏం వండానో కూడా చెప్పాను. మూడోసారి తమ్ముడు ఏ రోజని అడిగింది కూడా దాచలేదు. వకీలమ్మ ముఖం మాడిపోయింది. జైమే అమెరికా నుంచే తెర మీద కనిపించి సాక్ష్యం చెప్పాడు. "ఆవిడ పెద్దావిడ, పొరబడుతున్నారు," అన్నాడు. ఒక్కసారి కూడా అత్తా అనలేదు.

జడ్జి నా మాటే నమ్మింది. నాలుగో రోజున తమ్ముణ్ని వదిలేశారు. జైలు గేటు దగ్గర కోటు పట్టుకుని నిలబడ్డాను. చిక్కిపోయాడు. కోటు తీసుకుని చేతిమీద వేసుకున్నాడు, తొడుక్కోలేదు.

"జైమే మూడుసార్లు చెప్పాడని తారీఖులతో సహా చెప్పావటగా అక్కా," అన్నాడు. "మూడుసార్లూ నా ఎదురుగానే ఉన్నావు. ఒక్కసారైనా వద్దురా అనలేదేం?"

అంతలో బస్సు వచ్చింది. వాడు ఎక్కి ముందు సీట్లో, ఒక్కరే కూర్చునే చోట కూర్చున్నాడు.