అత్తమ్మకు కడుపునొప్పి

స్కాన్ నాకు. కడుపునొప్పి మాత్రం మా అత్తమ్మ హేమ్లికి. అంటే, తండాలో అందరికీ అలా చెప్పాం.

మా ఇంట్లో మూడో నెల దాటేదాకా కడుపు సంగతి బయటపెట్టరు. దిష్టి తగులుతుందని భయం. పోయిన ఏడు నాకంత ఓపిక ఎక్కడిది? కడుపని తెలియగానే నేను పనిచేసే మండలాఫీసులో అందరికీ మైసూర్‌పాక్ పంచాను. స్కాన్ తేదీ రాకముందే ఆ కడుపు పోయింది. అత్తమ్మ నన్ను ఒక్క మాటా అనలేదు. ఎవరైనా ఆ ఊసెత్తితే మొహం పక్కకు తిప్పుకునేది, అంతే. తిట్టినా బాగుండేది, బదులు చెప్పుకునేదాన్ని. చేజేతులా నేనే పోగొట్టుకున్నానేమోనన్న అనుమానం నాలోనూ చేరి కూర్చుంది. డిగ్రీ చదివినదాన్నే, అయినా కూర్చుంది.

అందుకే ఈసారి నోరు మెదపలేదు. మా ఆయన బలరాం ఇల్లందు గనికి డ్యూటీకి వెళ్లిపోయాడు. సెలవు పెడితే ఎందుకని అడుగుతారట. ఆటో కిరాయికి మాట్లాడితే ఆటోవాడే ఊరంతా చాటేస్తాడని అత్తమ్మ ఒప్పుకోలేదు. ఇక మిగిలింది బస్సు. అబద్ధం కూడా ఆమెదే. తనకు కడుపునొప్పి, ఖమ్మం దవాఖానాకు కోడలు తోడొస్తోంది. ముందురోజు నుంచే పొట్ట పట్టుకుని మూలగడం మొదలుపెట్టింది. అంత బాగా మూలుగుతుందని నాకూ తెలియదు.

నాకేమో వేవిళ్లతో నిద్ర లేదు. అన్నం ఉడికే వాసన తగిలితే చాలు, పేగులు నోట్లోకి వస్తున్నాయి. స్కానింగ్ సెంటర్ అమ్మాయి ఫోన్‌లో, పెద్ద సీసాడు నీళ్లు తాగి రావాలి, స్కాన్ అయ్యేదాకా బాత్‌రూంకి పోకూడదు అని చెప్పింది. ఖమ్మంలో దిగాక తాగుతానంటే అత్తమ్మ వినలేదు. దవాఖానాలో మనవాళ్లు ఎవరో ఒకరు ఉండనే ఉంటారు, నువ్వు నీళ్లు తాగడం చూస్తే స్కాన్ ఎవరికో పట్టేస్తారు అంది. ఇంట్లోనే నా చేత సీసా ఖాళీ చేయించి, రోడ్డు మీదికి నడిపించింది. వాదించే ఓపిక లేక తాగాను.

బస్సులో కాలు పెట్టే సందు లేదు. సగం మంది మా తండావాళ్లే. మా వెనకింటి ముసలాయన దేవ్లా మామ, అత్తమ్మ మూలుగు విని సీట్లోంచి లేచాడు. పానం బాగలేనిదానివి, కూసో అన్నాడు. అత్తమ్మ నా వంక చూసింది. నేను కిటికీ వంక చూశాను. కూర్చోకపోతే అనుమానమొస్తుంది. కూర్చుంది.

నేను కడ్డీ పట్టుకుని వేలాడాను. ఒకావిడ వాము నమలమంది, ఇంకొకావిడ మజ్జిగలో మెంతులు నానబెట్టి తాగమంది. అన్నింటికీ అత్తమ్మ బుద్ధిగా తలూపింది. ఆ తలూపుడు చూస్తుంటే నాకు ఒళ్లు మండింది. కారేపల్లి దాటాక రోడ్డు తవ్వి పడేశారు. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా పొత్తికడుపులో నీళ్లు బరువుగా కదులుతున్నాయి. పళ్లు బిగబట్టి నిలబడ్డాను.

ఒక పెద్ద గుంత దగ్గర పొత్తికడుపులో ఏదో కలుక్కుమంది. నడుము వంగిపోయింది. పోయినసారి కూడా ఇలాగే మొదలైంది. అయిపోయింది, ఇదీ పోయింది అనుకున్నాను. చెమటలు పట్టాయి. ఏమైందమ్మా అని కండక్టరమ్మ అడిగితే, ఏం లేదని నేనే అన్నాను.

అత్తమ్మ లేచి నిలబడింది. మాలో మేం మాట్లాడుకునేది లంబాడీయే. ఆమె మాత్రం కండక్టరుకూ డ్రైవరుకూ కూడా తెలియాలని తెలుగులోనే అరిచింది.

"నాకేం నొప్పి లేదు. నా కోడలు కడుపుతోటున్నది. జరుగుండ్రి, దాన్ని కూసోనియ్యుండ్రి."

ఎవరూ నవ్వలేదు. అత్తమ్మ నన్ను తన సీట్లో కూర్చోబెట్టి, ఎవరూ మీద పడకుండా రెండు చేతులూ అడ్డం పెట్టి ఖమ్మం దాకా నిలబడే వచ్చింది. తుల్జాభవానికి ఏవేవో మొక్కుకుంటూనే ఉంది. చెప్పేసింది, తండాకంతటికీ చెప్పేసింది. ఇక ఏమైనా అయితే ఆమె ఎవరి వంక చూసి మొహం తిప్పుకుంటుంది?

స్కాన్ గదిలో డాక్టరమ్మ చాలాసేపు నా పొట్ట మీద మిషన్ అటూ ఇటూ జరుపుతూనే ఉంది. నేను తెర వంక చూడలేదు, ఆమె మొహమే చూస్తున్నాను. చివరికి ఆమె తెర నావైపు తిప్పి, మిణుకుమిణుకుమంటున్న చోట వేలు పెట్టి, అదే గుండె అంది. ఆ నొప్పి నీళ్లు అంతసేపు ఆపుకున్నందుకేనని, ఇంట్లో తాగి బయల్దేరమని ఎవరు చెప్పారని కోప్పడింది. ఎవరు చెప్పారో నేను చెప్పలేదు.

బయటికొస్తే బల్ల మీద అత్తమ్మ లేదు. వసారా చివర మెట్ల దగ్గర, గోడ వైపు తిరిగి నిలబడి ఉంది.

"ఉన్నది అత్తమ్మా. గుండె కొట్టుకుంటున్నది."

ఆమె ఇటు తిరిగి నా పొట్ట వంక చూసింది. "గంతమందికి చెప్పిన గదనే. అయినా ఉన్నదా?"

"అవ్. ఉన్నది."

మెట్టు మీద కూలబడిపోయింది. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ అంది.

"మరి పోయినసారి... నువ్వు చెప్పినందుకు కాదన్నట్టేగా. ఏడాది సంది నిన్ను లోపల్లోపలనే తిట్టుకున్న బిడ్డా."

ఈ మాట వస్తే ఎన్ని అనాలో అన్నీ ఏడాదిగా దాచుకున్నాను. అవన్నీ వదిలేసి ఆమె పక్కనే కూర్చుని, పోయిన ఆ బిడ్డ కోసం అప్పుడు ఏడవలేకపోయిన ఏడుపంతా ఏడ్చాను.