ఆనకట్ట వార్త వెనక వైపు

మా పత్రికాఫీసులో నాకంటే నా నోటికే ఎక్కువ పేరు. రాజమండ్రి ఎడిషన్ మొదలైన నాటి నుంచి రిఫరెన్స్ సెక్షన్ నాదే. రోజూ పేపరంతా చదవడం, పనికొచ్చే వార్తలు కత్తిరించడం, తెల్లకాగితం మీద మైదా జిగురుతో అంటించి, తేదీ వేసి, సబ్జెక్టు ఫైల్లో పెట్టడం. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇదే పని. ఫైలు పట్టుకెళ్ళి, రిజిస్టర్లో రాసిన తేదీకి తిరిగివ్వని రిపోర్టరుని, వాడు ఎంత గొప్పవాడైనా సరే, అందరి ముందూ దులిపేసేదాన్ని. వీరవేణి వస్తోందంటే కుర్చీల కింద దాక్కున్నవాళ్ళున్నారు.

ఇప్పుడు ఎవడూ ఫైలు అడగడు. అంతా ఫోన్లోనే వెతుక్కుంటారు. తిట్టడానికైనా ఎదురుగా ఒక మనిషుండాలి కదా! పొద్దున్న తాళం తీసి సాయంత్రం వేసేలోగా ఒక్క మాట కూడా మాట్లాడని రోజులున్నాయి. ఇంటికెళ్ళినా అంతే. పెళ్ళి కుదరలేదు. అమ్మ పోయి ఆరేళ్ళయింది. అప్పుడే రెండో కంచం ఎవరికో ఇచ్చేశాను.

ఆ గురువారం మేనేజరు సుకుమార్ గుమ్మంలోనే నిలబడి చెప్పాడు.

"మేడం, రేపు లారీ వస్తుందండి. ఫైళ్ళన్నీ పాత కాగితాల వాళ్ళకి ఇచ్చేస్తున్నాం. మీ రిటైర్మెంటు కూడా ఈ నెలాఖరే కదండి."

"స్కాన్ చేయిస్తామన్నారు కదయ్యా!"

"రెండు వేల అయిదు నుంచీ చేయించాం కదండి. అంతకు ముందువి ఎవరడుగుతారు?"

అడిగే మనిషి ఆ మధ్యాహ్నమే వచ్చింది. అరవై దాటిన మనిషి, తెల్ల చీర, చేతిలో గుడ్డసంచి. పేరు దీనమ్మ అనీ, తణుకు అవతల పల్లె నుంచి రెండు బస్సులు మారి వచ్చాననీ చెప్పింది.

"మా అమ్మాయి హెలెన్ ఫోటో మీ పేపర్లో వేశారండి. పరుగుపందెంలో జిల్లా ఫస్టొచ్చింది. తొంభై ఎనిమిదిలో, క్రిస్మస్‌కి పదిరోజుల ముందండి."

"ఆ పేపరు మీరు దాచుకోలేదా?"

"గోడకి అంటించానండి. వానలకి ఆ గోడే కూలిపోయింది. పిల్ల మరుసటేడే కామెర్లతో పోయింది. ఇంకో ఫోటో లేదండి." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఈమధ్య దాని మొహం గుర్తుకు రావట్లేదమ్మా. గొంతు వినపడుతోంది. మొహమే రావట్లేదు."

అప్పటి పేపర్ల బైండులు చెదలు తినేసి పదేళ్ళయిందని ఆమెకి చెప్పాను. మిగిలింది నా ఫైళ్ళే. క్రీడల ఫైలు తీశాను. లేదు. ఏ రోజు ఏ వార్త ఏ ఫైల్లో పెట్టానో రాసుకునే పుస్తకం తిరగేశాను. డిసెంబరు పదిహేను, మూడో పేజీ, 'ఆనకట్ట గేట్ల మరమ్మతు'. పరుగుపందెం ఊసే లేదు.

అప్పుడు తట్టింది. కాగితానికి రెండు వైపులుంటాయి. ఇటు వార్త కత్తిరిస్తే అటు వార్త తెగిపోతుంది. అందుకే మా పనిలో రోజూ రెండు పేపర్లు తీసుకోవాలి, ముందు వైపుకి ఒకటి, వెనక వైపుకి ఒకటి. ఆ ఏడు పొదుపంటూ నాకు ఒక్కటే ఇచ్చారు. ఏ వైపు ఉంచాలో నేనే తేల్చేదాన్ని.

ఆనకట్ట ఫైలు తీసి, ఆ కాగితాన్ని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకున్నాను. అక్షరాల వెనక నల్లగా ఫోటో నీడ!

తడిగుడ్డ పరిచి, జిగురు నానేదాకా ఇద్దరం కూర్చున్నాం. కొస పట్టుకుని మెల్లగా లేపాను. ఒక కన్ను, ఒక జడ, సగం నవ్వు. మిగతా సగం నా కత్తెర పట్టుకుపోయింది.

దీనమ్మ తెగిన అంచుని వేలితో తడిమింది. తిట్టినా బాగుండేది.

"నేనే కోశానండి," అన్నాను. "గేట్ల వార్తే పెద్దదనుకున్నాను. మీ పిల్ల మొహం మీదుగా కత్తెర పెట్టేశాను." ముప్పై ఒక్క ఏళ్ళలో ఎవరి ముందూ తప్పు ఒప్పుకున్నదాన్ని కాదు. ఏడుపొచ్చేసింది.

"రెండో ముక్క పారేశారాండి?"

పారేయడమా! నేనా? మళ్ళీ పుస్తకం అందుకున్నాను. అదే తేదీ, అదే పేజీ, కింది వరసలో ఇంకొకటి ఉంది, 'రావులపాలెంలో పెరిగిన అరటి గెలల ధర', ఫైలు వ్యవసాయం. పేజీలో గేట్ల వార్త పక్కనే ఉన్న వార్త! మిగతా సగం దాని వెనకే ఉండాలి.

వ్యవసాయం ఫైళ్ళు అప్పటికే లారీ కోసం కట్టలు కట్టేసి ఉన్నాయి. తాళ్ళు తెంపుతుంటే సుకుమార్ పరుగెత్తుకొచ్చాడు. "మేడం, ఏంటండీ ఇది?" అన్నాడు. "నీ దుంపతెగ, అడ్డం లే!" అన్నాను. లేచాడు. దీనమ్మ కూడా కింద కూర్చుని కట్టలు విప్పింది. ఎనిమిదో కట్టలో దొరికింది.

దాన్నీ తడిపి లేపి, రెండు ముక్కలూ బల్ల మీద చేర్చాను. ముక్కు మీదుగా సన్నటి గీత తప్ప పిల్ల నిండుగా నవ్వుతోంది. దీనమ్మ వేలు కనుబొమ్మ దగ్గర ఆగింది.

"ఈ మచ్చ! గడప తగిలి పడిందమ్మా. మచ్చ సంగతే మర్చిపోయాను. నా తల్లే, నా తల్లే..." ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుంది.

"నేను కొయ్యకుండా ఉంటే..."

"మీరు కొయ్యకపోతే చెదలు తినేసేవి కదమ్మా."

రెండు ముక్కలూ కొత్త కాగితం మీద అంటించి, రిజిస్టరు ఆమె ముందుకి జరిపాను. సంతకం లేనిదే నా గదిలోంచి కాగితం ముక్క కదలదు. రేపు లారీ వస్తుంటే ఇంకా రూలేమిటని నవ్వేవాళ్ళు నవ్వుకోనీ. ఆమె అక్షరం అక్షరం కూడబలుక్కుని పేరు రాసింది. పక్క గడిలో తిరిగివ్వాల్సిన తేదీ చూసి కంగారుపడింది.

"మళ్ళీ తెచ్చివ్వాలాండి?"

అక్కర్లేదు, అది మీదే అన్నాను. అక్కడితో ఊరుకోవచ్చు. కానీ ఆమె సంచి సర్దుకుంటుంటే నాకు దిగులు పుట్టుకొచ్చింది. మళ్ళీ ఎవరొస్తారు?

"ఒక్కసారి తెచ్చి చూపించండి. జిగురు సరిగ్గా ఆరిందో లేదో చూడాలి," అన్నాను. తేదీ గడిలో ఆదివారం అని రాసి, మా ఇంటి అడ్రసు చీటీ మీద రాసిచ్చాను. ఆరిన జిగురుకి చూసేదేముంటుంది? ఆ సంగతి దీనమ్మకి తెలియకపోలేదు.

"ఆరాధన అయ్యాక వస్తానండి. ఇంట్లో ఎవరెవరుంటారు?"

"నేనేనండి."

ఆమె చీటీ మడిచి సంచిలో పెట్టుకుంది. "అయితే కూర నేను వండి తెస్తాను. మీరు అన్నం ఒక్కటీ వార్చండి," అంది.

మర్నాడు లారీ వచ్చి ఫైళ్ళన్నీ ఎత్తుకుపోయింది. రిజిస్టరు మాత్రం ఇవ్వలేదు, చంకన పెట్టుకుని బయటికొచ్చాను. దారిలో స్టీలు సామాన్ల కొట్టు దగ్గర ఆగి ఒక కంచం కొన్నాను.